పులివెందుల నుంచి జమ్మలమడుగుకు: ఒక బస్సు, ఒక ఎద్దుల బండి

పులివెందులలో ఉన్న మా అక్కకు రెండు కళ్లలోనూ పొర కమ్మిందని, పొయ్యిలో నిప్పుందో లేదో చెయ్యి దగ్గర పెట్టి చూసుకుంటోందని అటునుంచి వచ్చిన బంధువొకాయన చెప్పేదాకా నాకు తెలియదు. అక్క చెప్పే రకం కాదు. ఆమెను నెల్లూరు నుంచి అంత దూరం ఇచ్చి ముప్పై ఏళ్లయింది. బావ పోయాక బట్టల అంగడి ఎత్తేసి ఒంటరిగా ఉంటోంది. కళ్ల ఆపరేషనుకు ఆ వైపు అందరూ జమ్మలమడుగు ఆసుపత్రి పేరే చెబుతారు. నేను పనిచేసేది కోర్టులో. అక్కడ గుమాస్తాకు సెలవు దొరకడం ముద్దాయికి బెయిలు దొరికినంత కష్టం. ఎలాగో పది రోజులు సంపాదించి బయలుదేరాను. మా వైపు నుంచి ఆ ఆసుపత్రికి రోగులను తీసుకుపోయేవారు చాలామందే ఉన్నారు. ఏది ఎక్కాలో, ఎక్కడ దిగాలో ముందుగా చెప్పే దిక్కులేక నేను పడ్డ అవస్థ వాళ్లు పడకూడదని ఇది రాస్తున్నాను. దారిలో చూసిన సంగతి ఒకటి ఉంది. దాన్ని వదిలేసి టిక్కెట్ల ధరలు మాత్రం రాసి ఊరుకోవడం నా వల్ల కావడం లేదు.

నెల్లూరు నుంచి వెళ్లేవారు గూడూరులో దిగి చిన్న బండి ఎక్కాలి. రేణిగుంటలో మళ్లీ దిగి, బొంబాయి వైపు పోయే పెద్ద బండి పట్టుకోవాలి. కర్నూలు రాజధాని అయిన దగ్గర్నుంచి ఈ బండికి గిరాకీ పెరిగింది. సర్కారు కచేరీలకు పోయేవాళ్లు, ఉద్యోగాల కోసం సిఫారసులు పట్టుకొని పోయేవాళ్లు మూడో తరగతి పెట్టెలో కాలు పెట్టనివ్వరు. కడప దాటాక కొంచెం ఊపిరాడింది. తిన్నగా జమ్మలమడుగుకే పోయేవారు ముద్దనూరు స్టేషనులో దిగితే సరిపోతుంది. నేను మాత్రం ముందుగా ఎర్రగుంట్లలో దిగాను. అక్క మరిదికి ప్రొద్దుటూరులో బంగారు అంగడి ఉంది. అత్తవారి తరపు మనిషికి చెప్పకుండా ఆడమనిషిని ఆసుపత్రికి తీసుకుపోతే అది జీవితాంతం నిష్ఠూరం.

ఎర్రగుంట్ల స్టేషను బయట ప్రొద్దుటూరుకు బస్సూ ఉంది, జట్కాలూ ఉన్నాయి. బస్సుకు ఆరణాలు, జట్కాకు మనిషికి ఎనిమిదణాలు. ఎక్కువెందుకని జట్కా అతన్ని అడిగాను.

"బస్సు నిండినాక పోతాది సామీ. నా గుర్రానికి నిండేదేముండాది? నువ్వెక్కితే కదుల్తాది" అన్నాడు.

ఎక్కాను. ఇంకో ముగ్గురు ఎక్కేదాకా గుర్రం చెవి కూడా కదపలేదు. అప్పటికి బస్సు నిండి, మా ముందే దుమ్ము రేపుకుంటూ వెళ్లిపోయింది. దారిలో పెన్న దాటాలి. మా ఊళ్లో పెన్న అంటే నీళ్లు. ఇక్కడ కనుచూపు మేర ఇసుక, మధ్యలో చెలమలు తోడుకుంటున్న ఆడవాళ్లు. ప్రొద్దుటూరు మాత్రం బాగా బతికిన ఊరు. రెండో బొంబాయి అని వాళ్లే చెప్పుకుంటారు. బంగారు అంగళ్ల వీధిలో ఉదయం నుంచే సుత్తి చప్పుళ్లు, పక్క సందుల్లో మగ్గాల చప్పుళ్లు. అక్క మరిది మంచి భోజనం పెట్టించి, "తీస్కపోండి, మంచిదే" అని అనుమతి ఇచ్చాడు. తాను మాత్రం రాలేనన్నాడు. అది నేను అనుకున్నదే. ఊళ్లో అద్దెకార్లు రెండో మూడో ఉన్నాయి గానీ, పులివెందులకు అవి అడిగే బాడుగ వింటే కళ్లు తిరుగుతాయి. మర్నాడు ఎర్రగుంట్ల, వేంపల్లెల మీదుగా పోయే బస్సులో, శనగకాయ మూటల మధ్య ఇరుక్కొని, ఎండ నెత్తికెక్కే వేళకు పులివెందుల చేరాను.

అక్క గుమ్మంలోనే నా గొంతు గుర్తుపట్టింది. "ఏంరా, ఇన్నేండ్లకు దారి దొరికెనా నీకు? రా, యాడుండావు? దగ్గరికి రా, మొగం తడిమి సూస్తా" అంది. నెల్లూరు మాట ఒక్కటీ మిగల్లేదు ఆమె నోట్లో. చిన్నప్పుడు ఆ యాసను వెక్కిరించేవాణ్ణి. ఆ రోజు వెక్కిరించడానికి నోరు రాలేదు.

పులివెందుల నుంచి జమ్మలమడుగుకు రోజుకు రెండే బస్సులు. రెండూ ఒకే సావుకారివి. మొదటిది ఉదయం ఏడింటికి బయలుదేరి తొండూరు, ముద్దనూరు మీదుగా పోతుంది. మనిషికి రూపాయి పైన రెండణాలు. ముందు సీట్లలో కూర్చుంటే కుదుపు తక్కువ, ఇంజను వేడి ఎక్కువ. అక్కను డ్రైవరు వెనక సీట్లో కూర్చోబెట్టాను. డ్రైవరు పేరు మస్తాన్. ముప్పై దాటి ఉండవు.

"మస్తానూ, నాకు కండ్లు కనపడవు, మెల్లగా పోనీ నాయనా" అంది అక్క.

"నీకు కనపడకపోతే ఏమక్కా, నాకు కనపడితే సాలు గదా" అని నవ్వాడు.

గంట ప్రయాణం సాగిందేమో. ఊరి పేరు రాయను. రోడ్డు వంపు తిరిగే చోట, నాపరాళ్లు నిలువుగా పాతిన చేని గట్టు పక్కన, ఒక ఆడమనిషి రోడ్డుకు అడ్డంగా చేతులు చాపి నిలబడింది. మస్తాన్ బస్సు ఆపాడు. గట్టు పక్కన పదిమంది మగవాళ్లు ఉన్నారు. వాళ్ల మధ్య నులకమంచం, మంచం మీద నలభై ఏళ్ల మనిషి. దుప్పటి కింద అతని కడుపు కుండలా ఉబ్బి కనిపిస్తోంది. నాకు వింతగా తోచింది ఏమిటంటే, బస్సు ఆగగానే ఆ మగవాళ్లంతా మొహాలు అవతలికి తిప్పుకున్నారు.

ఆమె డ్రైవరు కిటికీ పట్టుకుంది. "అన్నా, నా పెనిమిటికి రాత్రి నుంచి కడుపు ఉబ్బిపోయిండాది. గుక్కెడు నీళ్లు గూడా నిలబడ్ల్యా. జమ్మలమడుక్కు ఏస్కపో అన్నా."

మస్తాన్ అప్పటికే కిందికి దూకాడు. "ఎక్కించండప్పా. ముందర సీట్లు ఖాళీ చేపిస్తా. రాండి, మంచం పట్టండి."

ఒక్కరూ కదల్లేదు. తెల్లమీసాల పెద్దాయన ఒకడు మంచం తలవైపు నిలబడి ఉన్నాడు. "మాకు బండి వస్తాండాది. మీరు పోండి" అన్నాడు, బస్సు వైపు చూడకుండానే.

నాకు అర్థం కాక అక్కను అడిగాను. ఆ ఊరివాళ్లు ఒకప్పుడు బట్టలకు ఆమె అంగడికే వచ్చేవారు, గొంతులు వింటే చాలు మనుషులు తెలిసిపోతారు. మెల్లగా చెప్పింది. ఆ పెద్దాయన పేరు నాగన్న. మంచం మీదున్నది ఆయన తమ్ముడు సుబ్బన్న. అడ్డం నిలిచినది సుబ్బన్న భార్య లక్షుమ్మ. రెండేళ్ల కిందట ఇదే వంపులో, ఇదే బస్సు కింద, నాగన్న కొడుకు పడి చనిపోయాడు. అప్పటి డ్రైవరు వేరు, అతను ఎటో వెళ్లిపోయాడు. బస్సు సావుకారు ఎవరో మనిషి చేత దుడ్లు పంపించాడు గానీ తాను మాత్రం రాలేదు. ఈ సీమలో చావింటికి వచ్చి వాకిట్లో నిలబడి పలకరించకపోవడం చంపినదానికంటే పెద్ద నేరం. పంపిన దుడ్లు తిప్పికొట్టి, ఊరంతా చౌడమ్మ గుడి ముందు కర్పూరం వెలిగించి ప్రమాణం చేశారు, ఆ సావుకారి బస్సు మెట్టు తొక్కేది లేదని. తొక్కినవాళ్లకు ఊళ్లో నిప్పూ నీళ్లూ బంద్.

"ఒక్కసారి వచ్చి నిలబడింటే ఊరు సల్లబడేదిరా" అంది అక్క. "ఆయప్ప రాల్యా. ఈళ్లు ఎక్కల్యా. రెండేండ్ల నుంచి ముద్దనూరుకు కూడా నడిసే పోతాండారు."

నేను రోజూ ప్రమాణాలు వినే మనిషిని. మా బోనులో నిలబడి దేవుని సాక్షిగా అని మొదలుపెట్టినవాడు వాక్యం పూర్తయ్యేలోపే అబద్ధం ఆడతాడు. మాట మీద నిలబడే మనుషులు ఎక్కడున్నారా అని ఎన్నోసార్లు అనుకున్నాను. తీరా కళ్లెదుట కనిపిస్తే నాకు ఒళ్లు మండింది. కిటికీలోంచి తల బయటపెట్టి అరిచాను.

"ఏమయ్యా, మనిషి ప్రాణం పోతుంటే ప్రమాణమా మీకు? బుద్ధుందా?"

నాగన్న అప్పుడు తల తిప్పి నన్ను చూశాడు. కోపం కూడా లేదు ఆ మొహంలో. "నువ్వు యా ఊరోనివో నాకు తెల్దు సామీ. మా పిల్లోనిదీ పానమే" అన్నాడు.

నేను తల లోపలికి తీసుకున్నాను. లక్షుమ్మ పరుగున వెళ్లి ఆయన కాళ్ల మీద పడింది. ఆ ఇళ్లలో పెనిమిటి అన్న ఎదుట ఆడవాళ్లు తలెత్తి మాట్లాడరు. కాళ్లు పట్టుకుంది గానీ నోరు విప్పలేదు, ఏడ్చింది అంతే. నాగన్న తమ్ముణ్ణి చూశాడు. సుబ్బన్న అంతకుముందు నుంచే కళ్లు తెరిచి అన్ననే చూస్తున్నాడు. ఇద్దరూ అలా ఎంతసేపు చూసుకున్నారో చెప్పలేను. బస్సులో ఉన్నవాళ్లం అందరం ఒక్క మాట కోసం ఎదురుచూశాం. ఎవరు అంటారో తెలియదు, ఎవరో ఒకరు అంటే చాలు.

"నేను బండ్లోనే పోతా" అన్నాడు సుబ్బన్న చివరికి.

"సచ్చిపోతావు, ఏంది నీకు?" అని లక్షుమ్మ అరిచింది. అతను కళ్లు మూసుకున్నాడు. నాగన్న ఊరి వైపు, బండి వచ్చే దారి వైపు చూపు తిప్పుకున్నాడు.

బండి వచ్చేదాకా మస్తాన్ బస్సు కదపలేదు. వెనక నుంచి ఎవరో విసుక్కుంటే, "దిగి నడువప్పా, నీకు తొందరుంటే" అని గద్దించాడు. బండిలో వరిగడ్డి పరిచి, దుప్పటి నాలుగు మూలలూ పట్టుకొని రోగిని ఎక్కించారు. లక్షుమ్మ పక్కన కూర్చుంది, నాగన్న బండి ముందు కూర్చొని పగ్గాలు పట్టాడు. మస్తాన్ బండి దగ్గరికి వెళ్లి, "ముద్దనూరు కాడ జట్కా మాట్లాడి పెడ్తా మామా. ఎద్దుల్ని ఆడిదాకా తోలితే సాలు" అన్నాడు. నాగన్న ఎద్దులను అదిలించాడు. మేము ముందుకు పోయాం. వంపు తిరిగేదాకా వెనక కిటికీలోంచి ఆ బండి కనిపిస్తూనే ఉంది.

ముద్దనూరు స్టేషను దగ్గర మస్తాన్ ఒక జట్కా సాయిబును పిలిచి గట్టిగా చెప్పాడు, మధ్యలో రైలు వచ్చినా ఇంకో బేరం ఎక్కించుకోవద్దని. ఇక్కడ ఒక మాట చెప్పాలి. ముద్దనూరు నుంచి జమ్మలమడుగుకు బస్సులో ముప్పావు గంట, జట్కాలో రెండు గంటలు పైమాటే. పెన్న ఏటి దగ్గర ఇసుకలో గుర్రం ఈడ్వలేదు, ఓపిక ఉన్నవాళ్లంతా దిగి నడవాలి. మేము తొమ్మిదిన్నరకల్లా ఆసుపత్రి చేరాం. అక్క కళ్లు చూసి, చుక్కలు వేసి, ఆపరేషను మర్నాడన్నారు. రోగితో వచ్చినవాళ్లు వసారాలో పడుకోవచ్చు, వంట చేసుకోవడానికి వెనక పాకలున్నాయి, ఎదుట పూటకూళ్ల ఇల్లుంది. ఇవన్నీ కనుక్కుంటూనే ఉన్నాను గానీ నా చూపు గేటు మీదే ఉంది.

రెండు కావస్తుండగా జట్కా వచ్చింది. సాయిబు మాట నిలబెట్టుకున్నాడు. గుర్రం నోట నురగలు కారుతున్నాయి. ఏటి ఇసుకలో నాగన్న తమ్ముణ్ణి భుజాన వేసుకొని నడిచాడట, పంచె మోకాళ్ల దాకా ఇసుక. ఆసుపత్రివాళ్లు ఒక్క నిమిషం ఆలస్యం చేయలేదు, డాక్టరు అన్నం ముందు నుంచి లేచి వచ్చాడు. లాభం లేకపోయింది. పేగు మడతపడి లోపలే కుళ్లిపోయిందని, బల్ల మీదికి ఎక్కించేలోపే ప్రాణం పోయిందని కాసేపటికి నర్సమ్మ బయటికి వచ్చి చెప్పింది. "ఉదయం తెచ్చి ఉంటే..." అని ఏదో అనబోయి, నాగన్న మొహం చూసి ఆపేసింది.

లక్షుమ్మ లోపల శవం దగ్గర ఉండిపోయింది. నాగన్న వచ్చి వసారా మెట్ల మీద, నాకు కొంచెం ఎడంగా కూర్చున్నాడు. ఉదయం అరిచినవాణ్ణి నేనేనని గుర్తుపట్టాడో లేదో. తనలో తాను అనుకున్నట్టు అన్నాడు.

"వాడు ఒక్క మాట అడిగింటే... అన్నా, ఎక్కుతా అని ఒక్క మాట. కాదంటానా నేను? వాడు అడగల్యా."

ఉదయం ఆ మంచం మీద సుబ్బన్న ఎవరి నోటి వైపు చూస్తున్నాడో నేను చూశాను. కొడుకును పోగొట్టుకున్న అన్న ముందు తన ప్రాణం కోసం ప్రమాణం దాటతానని తమ్ముడు నోరు తెరిచి అడగలేకపోయాడు. తమ్ముడు అడగందే, ఊరంతా తన కొడుకు కోసం చేసిన ప్రమాణాన్ని అన్న తనంతట తాను తీసేయలేకపోయాడు. ఒకడి మీద ఒకడికి అంత ప్రేమ. ఆ సంగతి ఆ ముసలాయనతో చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

ఇక శవాన్ని ఊరు చేర్చాలి. పీనుగను ఎక్కిస్తే మళ్లీ ఎవరూ తన బండి ఎక్కరని సాయిబు చేతులు జోడించాడు. అతన్ని తప్పుపట్టలేను, ఆ గుర్రం మీదే ఇల్లు గడవాలి. ఎద్దుల బండి ముద్దనూరులోనే ఆగిపోయింది. ఆ ఎండకు శవం మర్నాటిదాకా ఆగదు. నాలుగు దాటాక, పులివెందులకు తిరిగి పోవలసిన బస్సు స్టాండుకు పోకుండా ఆసుపత్రి గేటు ముందు వచ్చి ఆగింది. సాయిబు పోయి చెప్పాడట.

మస్తాన్ దిగి నాగన్న ముందు నిలబడ్డాడు. "టాపు మీద పెట్టుకుందాం మామా. సావుకారికి నేను జెప్పుకుంటా."

"మెట్టు తొక్కనని చౌడమ్మ కాడ అనుకున్యాం గదప్పా" అన్నాడు నాగన్న. ఆ గొంతులో పట్టుదల లేదు, దారి అడుగుతున్నట్టు ఉంది.

"మెట్టెందుకు మామా? టాపు మీదికి ఎనకాల నిచ్చెన ఉండాది గదా."

నాగన్న ఆ నిచ్చెన వంక చూసి చూసి తల ఊపాడు. చాపలో చుట్టి కట్టిన శవాన్ని నలుగురం అందించాం, మస్తాన్, క్లీనరు పైనుంచి లాగారు. బస్సులో అప్పటికే కూర్చున్నవాళ్లు కొందరు మూటలు తీసుకొని దిగిపోయారు. తరువాత నాగన్న ఒక్కొక్క కమ్మీ పట్టుకొని నిచ్చెన ఎక్కి, తమ్ముడి తల దగ్గర కూర్చున్నాడు. ఊరి మాట తప్పలేదు. బస్సు మెట్టు తొక్కలేదు.

లక్షుమ్మ కింద నిలబడి ఇదంతా చూస్తోంది. కళ్లలో నీళ్లు ఎప్పుడో ఆరిపోయాయి. ముసుగు వెనక్కి తోసి, తల పూర్తిగా పైకెత్తి, అంతమంది మగవాళ్ల ముందు ఆయన్ను అడిగింది.

"ఈ నిచ్చెన పొద్దున లేదా బావా?"

ఆమె జవాబు కోసం నిలబడలేదు. తిన్నగా బస్సు ముందుకు నడిచి, మెట్టు మీద ఒక కాలు, ఆ తరువాత రెండో కాలు పెట్టి, అక్కడే నిలబడి పైకి చూసింది. ఆయన చూశాడో లేదో నాకు కనిపించలేదు. లోపలికి వెళ్లి, పొద్దున ఆమె పెనిమిటి కోసం ఖాళీ చేయిస్తానన్న ముందు సీట్లో కూర్చుంది.

అక్క ఆపరేషను బాగా జరిగింది. వారం రోజులకు కట్టు విప్పారు, నా నెరిసిన జుట్టు చూసి నవ్వింది. తిరిగి అదే దారిన పులివెందుల పోయాం. లక్షుమ్మకు ఊళ్లో నిప్పూ నీళ్లూ పుట్టాయో లేదో మస్తాన్‌ను అడిగాను, తెలియదన్నాడు. నాకు ఆ రోజు కలిగిన కోపం ఇంకా పోలేదు. అది ఎవరి మీదని అడిగితే మాత్రం తేల్చి చెప్పలేను. వాకిట్లోకి ఒక్కసారి రాని సావుకారు మీదా, నోరు విప్పని అన్న మీదా, అడగని తమ్ముడి మీదా? అందరి మీదా కోపం వస్తుంది, సావుకారు తప్ప మిగతా ఇద్దరి మీదా జాలి కూడా వస్తుంది. మాట మీద నిలబడడం గొప్ప గుణమని చిన్నప్పటి నుంచి విన్నాను. ఆ మాటను ఇప్పుడు మునుపటిలా అనలేను.

ఆ ఆసుపత్రికి పోయేవారికి నేను చెప్పేది ఇంతే. రైల్లో వచ్చేవారు ముద్దనూరులో దిగండి, పులివెందుల నుంచి వచ్చేవారు ఏడింటి బస్సు వదలకండి. వెంట ఎవరున్నా, ఆ బస్సు ఎవరిదైనా, రోగి నోరు తెరిచి అడిగేదాకా ఆగవద్దు. ఎక్కు అన్న మాట ముందుగా మీరే అనండి.